రుజువులు అడిగినవాడి దగ్గు

మా కార్ఖానాలో నన్ను రుజువు సత్తయ్య అంటారు. ఎవరు ఏం చెప్పినా "రుజువేది?" అని అడగడం నాకు ఇరవై ఏళ్లుగా అలవాటు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతికినట్టు సరిపోయింది. మాది కరీంనగర్‌కు గంటన్నర బస్సు ప్రయాణం దూరంలో ఉన్న నేతగాళ్ల ఊరు. పొద్దున లేస్తే సాంచాల చప్పుడే. కరెంటుతో నడిచే మగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులోనే పెరిగాను, ఇప్పుడు యాభై రెండేళ్లు వచ్చాయి.

నా మందు పోయిన నెలలో అయిపోయింది. డాక్టరమ్మ చివరి పరీక్ష కాగితం నా చేతికిచ్చి, ఇక మీకు టీబీ లేదు అంది. ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకున్నాను. ఎవరైనా సంతోషపడాల్సిన రోజు అది. నేను పడలేకపోయాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాలాగా అన్నీ తెలుసనుకునేవాడు ప్రతి వాడలోనూ ఒకడుంటాడు. అలాంటివాడు ఒక్కడు చదివినా చాలు.

ముందు నా అభిప్రాయాల సంగతి చెప్పాలి, ఎందుకంటే జబ్బు కన్నా అవే నన్ను ఎక్కువ ముంచాయి. ఎలక్షన్లప్పుడు ఏ జెండావాళ్లు వచ్చి "నేతన్నల బతుకు మా బాధ్యత" అన్నా కార్ఖానా అంతా చప్పట్లు కొట్టేది, నేను చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. గెలిచాక వాళ్ల ముఖాలు ఫ్లెక్సీల మీద తప్ప కనిపించవని నా అనుభవం. టీవీల్లో గొంతులు చించుకునే నాయకులు బయటికొచ్చి ఒకే టేబుల్ దగ్గర చాయ్ తాగుతారని నా గట్టి అనుమానం. ఫోన్లో వచ్చే వైద్యాలన్నీ పని లేనివాళ్లు పుట్టించినవే. పంతులు రాసిచ్చిన ముహూర్తానికి పెళ్లయి ఏడాది తిరక్కుండా పంచాయితీకెక్కిన జంటలను మా వాడలోనే చూపిస్తాను. ప్రైవేటు దవాఖానాలో పరీక్షలు రాసేది రోగం కోసం కాదు, మిషన్లు కొన్నందుకు. సర్కారు దవాఖానాలో పైసా తీసుకోకుండా పుక్కట్ల ఇచ్చే గోలీల్లో సుద్దముక్క తప్ప మరేమీ ఉండదు.

వీటిలో కొన్ని ఇప్పటికీ నిజమే అనుకుంటాను. అన్నింటినీ ఒకే గాటన కట్టిన దగ్గర నా తెలివి చెడింది.

పోయినేడు ఆషాఢంలో దగ్గు మొదలైంది. మా ఊళ్లో దగ్గని సాంచా కార్మికుడు లేడు. నూలు దుమ్ము ముక్కులోకి పోతూనే ఉంటుంది కాబట్టి దుమ్మే అనుకున్నాను. పదిహేను రోజులు దాటింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పొద్దున లేచేసరికి బనీను చెమటతో తడిసి ఉండేది. లుంగీ ముడి నిలవడం లేదని పొట్ట దగ్గర బెల్టు పెట్టుకున్నాను. నా భార్య భాగ్య బీడీలు చేస్తుంది. చేటలో ఆకు కత్తిరిస్తూనే నా దగ్గు వింటూ ఉండేది.

"దవాఖానకు పోదాం పా. గీ దగ్గు నాకు మంచిగ అనిపిస్తలేదు" అంది ఒకరోజు.

"ఆళ్లు ఏం జెప్తరో నాకెరికే. పోటో దియ్యి, రక్తం ఇయ్యి, పైసలు గట్టు" అన్నాను.

"నీకు ఎరిక లేనిది ఏమున్నది" అని మళ్లీ చేటలోకి తల వంచుకుంది.

చివరికి నన్ను దవాఖానాకు పంపించింది యూసుఫ్. మా కార్ఖానాలో నాలుగు సాంచాలకు మేమిద్దరం జోడీ. పొద్దున షిఫ్టు నాది, సాయంత్రం ఆరు నుంచి అతనిది. నాకన్నా పదేళ్లు చిన్న. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కార్ఖానాలో మా తెలుగే. పన్నెండేళ్లుగా అతను వచ్చేదాకా నేను సాంచా ఆపింది లేదు. నడుస్తున్న మగ్గాన్నే అప్పగించి పక్కకు జరిగేవాణ్ణి. నేను నోటితో పట్టిన నాడెనే అతనూ నోటితో పట్టేవాడు.

ఈ మాట తెలియనివాళ్లకు కొంచెం విడమరచి చెప్పాలి. పోగుల మధ్య అటూ ఇటూ దూసుకుపోయే కొయ్య ముక్కే నాడె. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. కండె అయిపోగానే కొత్తది పెట్టి, దాని దారం కొసను నాడె పక్కనున్న చిన్న కన్నులోంచి బయటికి తేవాలి. మేం ఆ కన్నును పెదాలకు ఆనించుకుని ఒక్కసారి గట్టిగా పీలుస్తాం. దారం నోట్లోకి వచ్చేస్తుంది. రెండు క్షణాల పని. షిఫ్టులో వందలసార్లు చేస్తాం. దారం లాగడానికి తీగ కొక్కెం కూడా ఉంది. కానీ దానితో ఆలస్యమవుతుంది. కొక్కెం పట్టినవాణ్ణి పని రానోడని నవ్వుతాం. నేనే ఎంతోమందిని చూసి నవ్వాను.

ఒక సాయంత్రం షిఫ్టు మారే వేళ నేను నాడె పీల్చబోతే దగ్గు తెర ఆగలేదు. యూసుఫ్ వెనక నిలబడి చూశాడు.

"సత్తన్నా, అందర్ని రుజువడుగుతవ్ గదా. నీ దగ్గు దుమ్ముకే అంటున్నవ్. రుజువేది?" అన్నాడు.

నా మాట నాకే తగిలింది. మర్నాడు సర్కారు దవాఖానాకు వెళ్లాను.

అక్కడి బెంచీ నాకు బాగా గుర్తు. గోడకు ఆనించి వేసిన సిమెంటు బెంచీ. మూతికి తువ్వాల కట్టుకున్న మనుషులు ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నారు. ఒక ముసలాయన జరిగి నాకు చోటిచ్చి, "మొదటిసారా బిడ్డా? బుగులు వడకు, ఏం గాదు" అన్నాడు. నేను తలాడించానే గానీ ఆయన వైపు చూడలేదు. ఆయన రోగి, నేను కాదని నా లెక్క. తెమడ డబ్బీలో పట్టి ఇచ్చాను. రెండో రోజు డాక్టరమ్మ పిలిచి, టీబీ అని చెప్పింది. ఆరు నెలల మందు, ఒక్క రోజు కూడా తప్పొద్దంది. మాట నెమ్మదిగానే చెప్పింది. నేను మందుల పొట్లం చొక్కా లోపల దాచుకుని బయటికొచ్చాను.

ఇంటికొచ్చి చెప్తే భాగ్య ఏడవలేదు. లేచి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవ్వలకు జెప్పకు. టీబీ ఉన్న ఇంట్ల చేసిన బీడీలు సేటు ముట్టడు. నా పని వోతది, పిల్ల సదువు ఆగుతది" అంది.

ఆమె భయం నాకు అర్థమైంది. దాని చాటున నా పిరికితనం కూడా దాక్కుంది. సాంచాల యజమాని, మా ఆసామికి తెలిస్తే మళ్లీ సాంచా దగ్గరికి రానివ్వడని నా భయం. మర్నాడు ఆశా వర్కర్ రజిత ఇంటికొచ్చింది. మా వాడ పిల్లే. చేతిలో రిజిస్టరు.

"కాకా, నీతోని దగ్గర్లుండేటోళ్లు ఎవ్వలెవ్వలు? అందరికి పరీక్ష జెయ్యాలె."

"మా ఇంటామె, మా పిల్ల శ్రావణి."

"పనికాడ?"

"పనికాడ ఎవ్వలు దగ్గరుండరు" అన్నాను.

ఆమె రాసుకుని వెళ్లిపోయింది. నా మాటకు రుజువు అడగలేదు. సాయంత్రం యూసుఫ్ ఫోన్ చేస్తే "నిమ్ము జేసిందట, ఓ నెల ఇంటికాడ ఉండుమన్నరు" అని చెప్పాను. నా బతుకులో చాలా అబద్ధాలు విన్నాను, పట్టుకున్నాను. ఇది నేను ఆడిన పెద్ద అబద్ధం.

ఆగస్టు, సెప్టెంబర్ నెలలు ఇంట్లోనే గడిచాయి. గోలీలు మింగితే కడుపులో తిప్పేది. మూత్రం ఎర్రగా వచ్చేది. అది మందు రంగేనని రజిత ముందే చెప్పింది కాబట్టి హడలిపోలేదు. నాకు ఒక పళ్లెం, ఒక గిలాస వేరుగా పెట్టారు. కిటికీ దగ్గర మంచం వేశారు. శ్రావణి డిగ్రీ రెండో ఏడు. గడప అవతల కూర్చుని నాకు పేపర్ చదివి వినిపించేది. నేను ప్రతి వార్తకూ ఏదో ఒక వంక పెట్టేవాణ్ణి.

"బాపూ, గీ పేపర్ల ఒక్కటన్న నిజం ఉంటదా?" అని నవ్వేది.

"తారీకు" అనేవాణ్ణి.

వాళ్లిద్దరి పరీక్షల్లో ఏమీ లేదని తేలిన రోజు భాగ్య నా మంచం దగ్గరికొచ్చి నిలబడి, నా దుప్పటి సర్ది వెళ్లింది. మాకు పెళ్లై పాతికేళ్లు దాటింది. అంత దగ్గరగా వచ్చి నిలబడటం ఆ రెండు నెలల్లో అదే మొదటిసారి.

ప్రతి శుక్రవారం యూసుఫ్ వచ్చేవాడు. స్టీలు డబ్బాలో ఉడకబెట్టిన కోడిగుడ్లు తెచ్చేవాడు. "నిమ్ముకు గుడ్లు మంచియని మా నస్రీన్ పంపింది" అనేవాడు. నస్రీన్ అతని భార్య. వాళ్లింట్లో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ పిల్లలు తినాల్సిన గుడ్లు అవి. నేను తిన్నాను. తింటూ ఉన్నప్పుడు నిజం గొంతు దాకా వచ్చేది, డబ్బా మూత పెట్టేసరికి వెనక్కి పోయేది.

సెప్టెంబర్ ఆఖరుకు దగ్గు పోయింది. ఆకలి వచ్చింది. లుంగీ ముడి నిలిచింది. అక్కడే నా పాత బుద్ధి లేచి కూర్చుంది. జబ్బు పోయాక ఇంకా నాలుగు నెలలు మందెందుకు? గోలీలు ఖర్చు కావాలని రాస్తున్నారేమో? ఇంకా జబ్బుందనడానికి రుజువేది? రజితను అడిగాను. "నాకు అంత తెల్వది కాకా, గని మింగుడు ఆపితె మల్ల తిరుగవెడ్తదట. జర నా మాట ఇను" అంది. తెలియదని ఒప్పుకున్న మనిషి మాటకు నేను విలువ ఇవ్వలేదు. తనకు తెలియనిది తెలియదని చెప్పేవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో అప్పుడు ఆలోచించి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి గోలీలు మింగడం మానేశాను. రజిత వచ్చి "మింగినవా కాకా?" అంటే "మింగిన" అనేవాణ్ణి. భాగ్య ముందు నోట్లో వేసుకుని, పెరట్లోకి పోయి ఉమ్మేసి, ఆ బిళ్లలను అటక మీద పాత కండెల డబ్బాలో పడేసేవాణ్ణి. రోడ్డు మీద పారేస్తే ఎవరైనా చూస్తారని భయం. బతుకమ్మ పండుగకు ముందే మళ్లీ సాంచా ఎక్కాను. కార్ఖానాలో అందరూ సంబురపడ్డారు. కొత్త కండె పెట్టి, నాడె పెదాలకు ఆనించి పీల్చాను. సాయంత్రం యూసుఫ్ వచ్చి అదే నాడె అందుకున్నాడు.

నవంబర్ చివర్లో దగ్గు తిరిగొచ్చింది. ఈసారి దుమ్మని నాకు నేను కూడా చెప్పుకోలేకపోయాను. అయినా పది రోజులు నెట్టుకొచ్చాను. పదకొండో రోజు సాయంత్రం షిఫ్టు మారే వేళ, నాలుగో సాంచా మీదకు వంగి తెగిన పోగు ముడి వేస్తున్నాను. దగ్గు తెర వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నేసిన తెల్లబట్ట మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి.

అప్పుడే లోపలికి వచ్చిన యూసుఫ్ బట్టను చూశాడు, నన్ను చూశాడు. చెయ్యి చాపి సాంచా బంద్ చేశాడు. పన్నెండేళ్లలో మా మధ్య మగ్గం ఆగడం అదే మొదలు.

"నిమ్ముకు నెత్తురు వడ్తదా అన్నా?" అని అడిగాడు.

"నిమ్ము గాదు" అన్నాను. "టీబీ. మందు నడుమనే ఇడిసిపెట్టిన."

అతను నాడె బయటికి తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని కిటికీలో పెట్టాడు. తిడతాడేమో అనుకున్నాను, తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. "పా, బండెక్కు. దవాఖానకు వోదాం" అన్నాడు. దారి పొడవునా నేను అతని వీపు వెనక తువ్వాలతో మూతి మూసుకుని కూర్చున్నాను.

మర్నాడు డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. మందు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగింది. యూసుఫ్‌కు చెప్పిన నిజం పక్కనున్న భాగ్య ముందు ఒప్పుకోలేక, సిగ్గు లేకుండా "ఏసుకుంటున్న" అన్నాను.

"మూత్రం ఏ రంగులో వస్తోంది?"

"మామూలుగనే."

"అయితే మీరు మందు మింగడం లేదు" అంది. గొంతు పెంచలేదు. జీవితమంతా రుజువులడిగిన నేను నా రుజువు నా ఒంట్లోనే ఉందని మరిచిపోయాను. భాగ్య అంతా వింది. ఇంటికి వెళ్లాక గోలీలు ఎక్కడ దాచానో నాతో చెప్పించి, అటక మీంచి కండెల డబ్బా దించింది. బిళ్లలన్నీ చాపమీద పోసి నా ముందు కూర్చుంది.

"ఊరందర్ని అనుమానించినవ్" అంది. "నిన్ను నువ్వు ఒక్కనాడన్న అనుమానించుకోలే."

డిసెంబర్ నా బతుకులో పొడుగాటి నెల. మధ్యలో మందు ఆపినందుకు పాత గోలీలు ఇంకా పని చేస్తాయో లేదో తేలాలి. తెమడ పెద్ద ల్యాబుకు పంపారు. పని చేయకపోతే వైద్యం ఇంకా గట్టిదని, కష్టమని డాక్టరమ్మ చెప్పింది. రిపోర్టు కోసం మూడుసార్లు ఆ సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. ఇదివరకు నాకు చోటిచ్చిన ముసలాయన మాత్రం కనబడలేదు. నర్సమ్మను అడిగితే "ఆయన మందు అయిపోయింది, మంచిగున్నడు" అంది. ఆ ముక్క విని నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

రిపోర్టులో పాత మందే పని చేస్తుందని వచ్చింది. మళ్లీ మొదటి గోలీ నుంచి ఆరు నెలలు. ఈసారి రజిత నా ముందే నిలబడి నీళ్ల గిలాస అందించింది. ఆమెకు అబద్ధం చెప్పినందుకు క్షమించమన్నాను. "నన్ను గాదు కాకా, ఆ యూసుఫన్నను అడుగు" అంది. అతని పేరు కూడా రిజిస్టరులో రాసుకుంది, నాలుగు నెలలు ఆలస్యంగా. యూసుఫ్‌కు, నస్రీన్‌కు, పిల్లలకు పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు. ఆ రోజు నేను ఏ దేవుడికీ మొక్కలేదు గానీ, మొక్కేవాళ్లు ఎందుకు మొక్కుతారో మొదటిసారి తెలిసింది.

ఫిబ్రవరిలో యూసుఫ్ దగ్గడం మొదలుపెట్టాడు.

ఫోన్లో అతని గొంతు వింటుంటే మధ్యలో ఆ దగ్గు వినిపించింది. నాకు తెలిసిన దగ్గు. మర్నాడే పరీక్షకు పోయాడు. రిపోర్టు రోజు నేనూ వెళ్లి బెంచీ మీద అతని పక్కన కూర్చున్నాను. టీబీ అని చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. అంతమందిలో, తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాను. నా జబ్బుకు కూడా అంత ఏడవలేదు.

డాక్టరమ్మను అడిగాను. నా నుంచే వచ్చిందా? నాడె నుంచా? టీబీ ఎక్కువగా దగ్గినప్పుడు గాలిలోంచి వస్తుందని, మూసి ఉన్న కార్ఖానాలో ఎవరి నుంచైనా రావచ్చని, ఫలానా మనిషి నుంచే అని తేల్చి చెప్పలేమని అంది. ఎంగిలి నాడె మాత్రం ఎలాగూ మానుకోవాల్సిందే అంది. ఒకప్పుడైతే ఆ జవాబు పట్టుకుని నేను బయటపడేవాణ్ణి. తేల్చలేమన్నారు కాబట్టి నా తప్పు లేదని వాదించేవాణ్ణి.

బయట చెట్టు కింద బండి దగ్గర యూసుఫ్ నిలబడ్డాడు.

"నా కాడికెల్లే నీకు అంటుకున్నది తమ్మీ. నేను నీకు అబద్ధం జెప్పిన. నీ పిల్లల గుడ్లు దినుకుంట అబద్ధం జెప్పిన" అన్నాను.

అతను నన్ను ఒకసారి చూసి, బండి తాళం తిప్పుతూ అన్నాడు. "రుజువేదన్నా?"

నాకు రుజువు అక్కర్లేదు. ఈ ఒక్క విషయం నాకు రుజువు లేకుండానే తెలుసు.

ఇది జూలై. నా మందు అయిపోయింది, యూసుఫ్‌ది ఇంకో నెల ఉంది. కార్ఖానాలో ప్రతి సాంచాకూ ఒక తీగ కొక్కెం కట్టించాం. ఆసామి ముందు గునిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. కుర్రాళ్లలో కొందరు ఇంకా చాటుగా నోటితోనే పీలుస్తున్నారు. కనబడితే నా కథ చెప్తాను. కొందరు వింటారు, కొందరు రుజువేదని అడుగుతారు. వాళ్లమీద కోపం రాదు. భాగ్య బీడీలు ఇప్పటికీ సేటు తీసుకుంటున్నాడు. మా ఇంటి సంగతి వాడంతా తెలిసినా ఎవరూ పోయి అతనికి చెప్పలేదు. మా వాడమీద నాకు ఇంత మంచి అభిప్రాయం ఎప్పుడూ లేదు.

రోజూ పొద్దున షిఫ్టుకు పోయే ముందు యూసుఫ్ ఇంటికి వెళ్తాను. నస్రీన్ నీళ్లు తెస్తుంది. అతను నా ముందు బిళ్లలు నోట్లో వేసుకుని మింగుతాడు. ఒక్కో రోజు కడుపులో తిప్పుతోందని ముఖం పెడతాడు. రేపు మింగుతా అంటాడు. నేను కదలను.

నిన్న కూడా మింగేసి, గిలాస పక్కన పెట్టి, "మింగిన అన్నా, పో. నన్ను గూడ నమ్మవా?" అన్నాడు.

"నమ్మ" అన్నాను. "నోరు దెరువు."